పాటిదిబ్బలో దొరికిన సముద్రం

తీరాల చరిత్ర: 6వ భాగం

ఊరు లేచిపోయినా పాటిదిబ్బ మిగులుతుంది. పొలానికి పాటిమన్ను తోలుకుందామని రైతులు తవ్వుతుంటే కుండపెంకులు, పూసలు, ఎముకలు బయటపడటం మన పల్లెల్లో చాలామంది చూసిందే. అలాంటి దిబ్బలే ఉత్తర పసిఫిక్‌లోనూ ఉన్నాయి. అలాస్కా నైరుతి కొస నుంచి రష్యా వైపు దాదాపు 1,900 కిలోమీటర్ల మేర వంపు తిరిగి సాగే అల్యూషన్ దీవులు వాటి చోటు. అక్కడ చెట్లు మొలవవు. ఏడాది పొడుగునా గాలి, ముసురు, మంచుపొగ. అయినా కొన్నిచోట్ల మాత్రం గడ్డి చుట్టుపక్కల నేలతో పొంతన లేకుండా ఏపుగా, ముదురు పచ్చగా పెరుగుతుంది. దాని కింద తవ్వితే ఊరు బయటపడుతుంది. వేల ఏళ్లపాటు వండుకు తిని పారేసిన చేపముళ్లు, సీల్ ఎముకలు, నత్తగుల్లలు, తిమింగలాల పక్కటెముకలు పొరలు పొరలుగా కనిపిస్తాయి.

ఆ ఊళ్లు ఉనంగన్ ప్రజలవి. రష్యన్లు వాళ్లను అల్యూట్లు అన్నారు, పుస్తకాలకెక్కింది ఆ పేరే. నేల మీద పెద్దగా తిండి దొరకని చోట వాళ్లు చర్మపు పడవలతో సముద్రాన్ని నమ్ముకుని బతికారు. కాబట్టి వాళ్ల దిబ్బలో ఉన్నదంతా ఆ తీరపు నీళ్లలో ఒకప్పుడు ఈదినదో, పాకినదో, రాయికి అంటుకుని బతికినదో. సముద్రంలో ఏ జీవి ఏ జీవిని తిన్నదో ఎవరూ రాసిపెట్టలేదు. అయినా రెండున్నర వేల ఏళ్ల కిందటి తీరపు ఆహార వలను మళ్లీ అల్లి చూడవచ్చని మొట్టమొదట గట్టిగా చెప్పినవారికి ఆధారమైంది ఇలాంటి దిబ్బే. అది ఆమ్చిట్కా అనే సన్నటి దీవిలో ఉంది.

ఆ దిబ్బలోంచి ఒక్క వస్తువును బయటికి తీసి చూద్దాం. చిటికెన వేలి గోరుకు అటూ ఇటూగా ఉండే తెల్లటి సున్నపు ముక్క. ఒకవైపు నున్నగా, మరోవైపు గాడి పడి ఉంటుంది. చూడటానికి విరిగిన గవ్వలా కనిపించినా అది సీ అర్చిన్ దవడలో ఒక భాగం. అర్చిన్ అంటే ఒళ్లంతా ముళ్లతో, గుండ్రటి డొప్పలో ఉండి, సముద్రం అడుగున పాకుతూ నాచు మేసే జీవి. దాని నోట్లో అయిదు దవడలు గుత్తిగా అమరి ఉంటాయి. వాటిని మొదట వర్ణించినవాడు అరిస్టాటిల్. అర్చిన్ డొప్ప పలుచన, దిబ్బలో నలిగి ముక్కలైపోతుంది. దవడ మాత్రం గట్టిది, వేల ఏళ్లు నిలుస్తుంది. పెద్ద అర్చిన్‌కు పెద్ద దవడ. అందుకే ఆ ముక్కను కొలిస్తే అది ఎంత పెద్ద అర్చిన్‌దో అంచనా కట్టవచ్చు. ఒక పొరలో దొరికిన వందలాది దవడలు కొలిస్తే ఆ కాలంలో ఆ రేవులో అర్చిన్లు ఎంతెంత పెరిగేవో తెలుస్తుంది.

అర్చిన్ ఎంత పెరిగితే మనకేం? ఆ ప్రశ్నకు జవాబు మరో జంతువు దగ్గర ఉంది.

కోరంగి మడ అడవుల్లో తిరిగే నీటికుక్కకు దూరపు చుట్టం ఒకటి ఉత్తర పసిఫిక్‌లో ఉంది. ఇంగ్లీషులో సీ ఓటర్ అంటారు, మనం సముద్రపు నీటికుక్క అనుకుందాం. మన నీటికుక్క నీళ్లలో వేటాడి గట్టెక్కుతుంది. ఇది నిద్రపోవడం నుంచి పిల్లల్ని సాకడం వరకు దాదాపు బతుకంతా ఆ చలి నీళ్లలోనే వెళ్లదీస్తుంది. తిమింగలాలకు, సీల్‌లకు ఉన్నట్టు చర్మం కింద దళసరి కొవ్వు దీనికి లేదు. దాన్ని కాపాడేది బొచ్చు. చదరపు సెంటీమీటరుకు లక్షకు పైగా వెంట్రుకలుండే ఆ బొచ్చంత ఒత్తైనది జంతులోకంలో మరొకటి లేదు. అది చాలక ఒంట్లో వేడి నిలబడటానికి రోజూ తన బరువులో అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా తింటుంది. వెల్లకిలా తేలుతూ, పొట్ట మీద రాయి పెట్టుకుని, గుల్లను దానికేసి కొట్టి పగలగొడుతుంది. దానికి ఇష్టమైన తిండిలో మొదటి వరసలో ఉండేది అర్చిన్, అందులోనూ పెద్దది. నీటికుక్కలు ఎక్కువున్న చోట అర్చిన్లు చిన్నవిగా, రాళ్ల సందుల్లో దాక్కుని ఉంటాయి. నీటికుక్కలు లేనిచోట అవి పెద్దవై అడుగంతా పరుచుకుంటాయి. కాబట్టి దిబ్బలోని దవడ ముక్క అర్చిన్ గురించి చెబుతూనే, ఆ కాలంలో నీటికుక్క ఎంతగా ఉండేదో కూడా చెబుతుంది.

ఈ లంకె తేలిన తీరు కూడా చరిత్రే.

1960ల్లో అమెరికా ప్రభుత్వం ఆమ్చిట్కాను అణుపరీక్షలకు ఎంచుకుంది. 1965లో ఒకటి, 1969లో ఒకటి, 1971 నవంబరులో మూడోది. ఆ మూడోదాన్ని ‘క్యానికిన్’ అన్నారు. దాదాపు 5 మెగాటన్నుల ఆ బాంబును మించినదాన్ని అమెరికా భూగర్భంలో ఎన్నడూ పేల్చలేదు. ఆ పేలుడుకు వందలాది సముద్రపు నీటికుక్కలు చనిపోయాయి. పరీక్షల వల్ల దీవికి ఏమవుతుందో తెలుసుకోవడానికి జీవశాస్త్రవేత్తలను నియమించారు. 1970లో అలా వచ్చిన యువ పరిశోధకుడు జేమ్స్ ఎస్టెస్. కెల్ప్ అడవి నీటికుక్కలను ఎలా పోషిస్తోంది అన్నది ఆయన మొదట పెట్టుకున్న ప్రశ్న. కెల్ప్ అంటే పెద్ద గోధుమరంగు సముద్రపు నాచు. రాళ్లను పట్టుకుని పైకి లేచి, నీటి కింద నిజంగానే అడవిలా నిలబడుతుంది. చేపలు అందులో గుడ్లు పెడతాయి, పిల్లలు అందులోనే తలదాచుకుంటాయి.

1971లో రాబర్ట్ పెయిన్ ఆ దీవికి వచ్చాడు. అప్పటికే ఆయన పేరు మోగుతోంది. వాషింగ్టన్ రాష్ట్ర తీరంలో 1963 నుంచి ఆయన ఒక పని పట్టుదలగా చేస్తూ వచ్చాడు. ఆటుపోట్ల రాళ్ల మీద ఒక మేర గుర్తు పెట్టుకుని, అక్కడున్న నక్షత్ర చేపలన్నింటినీ పీకి సముద్రంలోకి విసిరేసేవాడు. నక్షత్ర చేప ఆల్చిప్పలను తింటుంది. అది లేకపోయేసరికి ఆల్చిప్పలు రాళ్లన్నీ కమ్మేసి మిగతా జీవులకు చోటు లేకుండా చేశాయి. మొదట 15 జాతులున్న చోట చివరికి 8 మిగిలాయి. ఒక్క వేటజంతువు మొత్తం సమాజాన్ని నిలబెడుతుందని ఆ ప్రయోగం చూపింది. అలాంటి జాతులకు 1969లో ఆయన పెట్టిన ‘కీస్టోన్’ అనే పేరు ఇప్పుడు బడి పుస్తకాల్లోకి కూడా వచ్చింది. పెయిన్ ఎస్టెస్‌తో మాట్లాడి, ప్రశ్నను తిరగేసి చూడమన్నాడు. అడవి నీటికుక్కకు ఏం చేస్తోందని కాక, నీటికుక్క అడవికి ఏం చేస్తోందని అడగమన్నాడు.

నీటికుక్కలు లేని దీవి పోలికకు కావాలి. ఆమ్చిట్కాకు పడమరగా షెమ్యా అనే దీవి ఉంది. బొచ్చు వ్యాపారం తుడిచిపెట్టిన నీటికుక్కలు అక్కడికి ఇంకా తిరిగి రాలేదు. ఎస్టెస్ అక్కడ నీళ్లలోకి దిగగానే తేడా కళ్లముందే ఉంది. ఆమ్చిట్కా నీళ్లలో కెల్ప్ అడవి. షెమ్యా నీళ్లలో పచ్చటి అర్చిన్లు తివాచీ పరిచినట్టు ఉన్నాయి, కెల్ప్ ఊసే లేదు. 1974లో ఎస్టెస్, జాన్ పామిసానో కలిసి ‘సైన్స్’ పత్రికలో ఆ ఫలితాలు అచ్చువేశారు. ఒకే సముద్రం, ఒకే చలి, ఒకే రకం రాళ్లు. ఒక జంతువు ఉండటానికీ లేకపోవడానికీ మధ్య తేడా అంత.

ఇప్పుడు మళ్లీ దిబ్బ దగ్గరికి వద్దాం. 1978లో చార్లెస్ సైమన్‌స్టాడ్, ఎస్టెస్, కార్ల్ కెన్యన్ కలిసి ఆమ్చిట్కా దిబ్బ పొరలను ఈ కొత్త కళ్లతో చదివారు. కొన్ని పొరల్లో నీటికుక్క, సీల్ ఎముకలు, చేపముళ్లు దండిగా ఉన్నాయి. మరికొన్నింట్లో అవి తగ్గి అర్చిన్లు, టోపీల్లాంటి లింపెట్ నత్తలు పేరుకున్నాయి. అంటే ఆమ్చిట్కా, షెమ్యా అన్న ఆ రెండు సముద్రాలూ ఒకే ఊరి రేవులో, వేర్వేరు కాలాల్లో ఉండి పోయాయన్నమాట. వాళ్ల వివరణ ఇది: ఉనంగన్ వేటగాళ్లు ఊరి దగ్గరి నీటికుక్కలను పలచన చేశారు. దాంతో అర్చిన్లు పెరిగి కెల్ప్‌ను మేసేశాయి. చేపలు తగ్గాయి, జనం అర్చిన్లు ఏరుకు తిన్నారు.

అప్పటివరకు సముద్ర జీవశాస్త్రంలో మనిషి ఆహార వలకు బయట నిలబడి చూసేవాడు, లేదా ఈమధ్యే వచ్చి దాన్ని చెడగొట్టినవాడు. 1978 నాటి ఆ ముగ్గురి వ్యాసం మనిషిని 2,500 ఏళ్ల కిందటి నుంచే వల లోపల, పైమెట్టు వేటజంతువుగా నిలబెట్టింది. తీరాల పర్యావరణ చరిత్ర అనే శాఖకు అసలైన పునాది ఇదే అనడం అతిశయోక్తి కాదు.

అయితే ఒక్క దిబ్బ మాట విని తీర్పు చెప్పేయడం కుదరదు. తర్వాత వచ్చిన పురావస్తు శాస్త్రవేత్తలు గట్టి అభ్యంతరాలే తెచ్చారు. దిబ్బలో ఉన్నది సముద్రం మొత్తం కాదు, వండినవాళ్లు ఎంచి తెచ్చుకున్నది. తుపాను రోజుల్లో పడవలు కదలవు, అప్పుడు పోటు రాళ్ల మీది అర్చిన్లే దిక్కు. ముసలివాళ్లు, పిల్లలు నడిచి ఏరుకొచ్చేవీ అవే. ఒక పొరలో అర్చిన్లు ఎక్కువున్నాయంటే సముద్రం మారిందా, వాతావరణం మారిందా, ఆ ఇంట్లో పడవ వేసేవాడు లేకుండా పోయాడా? ఈ మూడింటినీ విడదీయడానికే తర్వాతి నలభై ఏళ్ల పరిశోధన చాలావరకు ఖర్చయింది.

జల్లెడ సంగతే తీసుకోండి. పాత తవ్వకాల్లో పెద్ద కన్నాల జల్లెడ వాడేవారు. సీల్ తొడ ఎముక పైన నిలిచేది, హెర్రింగ్ చేప వెన్నుపూస జారి మట్టిలో కలిసిపోయేది. హెర్రింగ్ మన కవళ్లలాంటి చిన్నచేప, దాని వెన్నుపూస రెండుమూడు మిల్లీమీటర్లు ఉంటుంది. సన్న జల్లెడ పట్టడం మొదలయ్యాక చిత్రమే మారిపోయింది. 2014లో ఇయన్ మెకెక్నీ, ఆయన సహచరులు అలాస్కా నుంచి వాషింగ్టన్ రాష్ట్రం దాకా 171 పాత నివాసాల్లో దొరికిన నాలుగు లక్షలకు పైగా చేప ఎముకల లెక్కలు ఒకచోట చేర్చారు. దాదాపు అన్నిచోట్లా హెర్రింగ్ ఉంది, చాలాచోట్ల అదే ఎక్కువ. వేల ఏళ్లపాటు ఆ చేప ఆ తీరమంతటా ఏటా నమ్మకంగా వచ్చిందని దానివల్ల తేలింది. 20వ శతాబ్దపు చేపల వేట లెక్కల్లో హెర్రింగ్ ఒక ఏడు విరగబడి, మరో ఏడు మాయమయ్యే చేప. ఆ లెక్కలే ఆధారంగా ఆ ఎగుడుదిగుళ్లు దాని సహజ స్వభావమని అధికారులు నమ్ముతూ వచ్చారు. చిన్న వెన్నుపూసలు ఆ నమ్మకాన్ని కదిలించాయి.

కాలం కట్టడంలోనూ చిక్కుంది. బొగ్గుముక్క వయసు రేడియోకార్బన్ పద్ధతిలో తేలిగ్గానే తేలుతుంది. గుల్లల విషయం అలా కాదు. సముద్రపు లోతుల్లో చాలాకాలం మగ్గిన నీటిలో పాత కార్బన్ ఉంటుంది. ఉత్తర పసిఫిక్‌లో ఆ నీరు పైకి పొంగుతుంది. ఆ కార్బన్‌తో గుల్ల కట్టుకున్న నత్త చనిపోయిన రోజునే కొన్ని వందల ఏళ్ల వయసున్నట్టు కనబడుతుంది. సీల్ మాంసం తిని బతికిన మనిషి ఎముకలకూ అదే గతి. ఒకే పొరలో దొరికిన బొగ్గునూ గుల్లనూ పక్కపక్కన పెట్టి, ఆ తేడా ఎంతో తీరం తీరానికీ విడిగా లెక్కకట్టాల్సి వచ్చింది.

అన్నింటికన్నా లోతుకు వెళ్లింది ఐసోటోపుల పద్ధతి. జీవి తిన్న తిండి దాని ఎముకలో గుర్తు వదులుతుంది. నత్రజనిలో బరువైన రకం పరమాణువులు ఆహార గొలుసులో ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ వెయ్యికి 3, 4 వంతుల చొప్పున పెరుగుతాయి. దాన్నిబట్టి ఆ జంతువు ఏ మెట్టు మీద కూర్చుని తిన్నదో తెలుస్తుంది. కార్బన్ మరో సంగతి చెబుతుంది. కెల్ప్‌లో బరువైన కార్బన్ కాస్త ఎక్కువ, నడిసముద్రంలో తేలే ప్లాంక్టన్‌లో తక్కువ. ఆ వ్యత్యాసం పట్టుకుంటే ఒక చేప ఒంట్లోని కార్బన్ మొదట కెల్ప్ నుంచి వచ్చిందో, ప్లాంక్టన్ నుంచి వచ్చిందో చెప్పవచ్చు. 1989లో డేవిడ్ డగ్గిన్స్, సైమన్‌స్టాడ్, ఎస్టెస్ అల్యూషన్ తీరాల్లో ఇలా వెతికితే కెల్ప్ కార్బన్ తీరపు ఆహార వలంతటా వ్యాపించి కనిపించింది. కెల్ప్ నిండిన దీవుల్లో నీటిని వడగట్టి బతికే జీవులు, కెల్ప్ లేని దీవుల కన్నా 2 నుంచి 5 రెట్లు వేగంగా పెరిగాయి. ఆల్చిప్పలు కెల్ప్‌ను నేరుగా కొరికి తినవు. దాని నుంచి రాలిన పొడి నీళ్లలో కలిసి వాటికి చేరుతుంది. నీటికుక్క అర్చిన్‌ను తినడం వల్ల ఎక్కడో రాయికి అంటుకున్న ఆల్చిప్ప బలుస్తుందన్నమాట.

దిబ్బలకూ ఎముకలకూ తోడు ఉత్తర పసిఫిక్‌కు మరో అపురూపమైన సాక్ష్యం ఉంది. చూసినవాడు స్వయంగా రాసిపెట్టినది.

1741లో విటస్ బేరింగ్ నాయకత్వంలో రష్యా తూర్పు కొస నుంచి బయల్దేరిన ‘సెయింట్ పీటర్’ ఓడ అలాస్కా చూసి తిరిగి వస్తూ, స్కర్వీ జబ్బుతో సిబ్బంది కూలిపోతున్న దశలో నవంబరులో ఒక నిర్జన దీవికి కొట్టుకొచ్చింది. బేరింగ్ అక్కడే చనిపోయాడు. ఇప్పుడు ఆ దీవికి ఆయన పేరే. ఓడలోని జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త గెయోర్గ్ విల్‌హెల్మ్ స్టెల్లర్‌కు అప్పటికి 32 ఏళ్లు. చలికాలమంతా వాళ్లను బతికించింది నీటికుక్కల మాంసం. మొదట్లో అవి గుడిసెల దగ్గరే మందలుగా దొరికేవి. మనిషిని చూసి బెదరడం వాటికి తెలియదు. నెలలు గడిచేకొద్దీ అవి జాగ్రత్తపడ్డాయి, వేటకు దూరాలు నడవాల్సి వచ్చింది. ఆకలిగొన్న కొద్దిమంది మనుషులు ఒక్క చలికాలంలో తమ గుడిసెల చుట్టూ ఉన్న జంతువులను ఎంత పలచన చేయగలరో స్టెల్లర్ రాతల్లో నెలవారీగా కనిపిస్తుంది. ఆమ్చిట్కా దిబ్బ కోసం 1978లో ఊహించిన దానికి దీనికన్నా దగ్గరి పోలిక దొరకదు.

స్టెల్లర్ పేరు నిలిచింది మాత్రం మరో జంతువు వల్ల. దీవి చుట్టూ కెల్ప్ మేస్తూ, వీపులు నీటిపైన తేలుతూ, పెద్ద జంతువులు తిరిగేవి. వాటిని సముద్రపు ఆవు అన్నారు. తమిళనాడు దగ్గర పాక్ జలసంధిలో ఇప్పటికీ అక్కడక్కడా కనిపించే డ్యూగాంగ్ దాని బంధువే, కానీ పరిమాణంలో పొంతనే లేదు. 1742 జూలైలో స్టెల్లర్ ఒక ఆడ జంతువును ఒడ్డున వేసి కొలిచాడు. ఏడున్నర మీటర్ల పొడవు. పళ్లు లేవు. నోట్లో గరుకు పలకలు రెండు, నాచు నలపడానికి. కడుపు ఆరడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు. నాచుతో ఎంతగా కూరుకుపోయి ఉందంటే నలుగురు మనుషులు తాడు కట్టి లాగినా కదల్చడం కష్టమైందట. సాయం చేసేవాళ్లకు పొగాకు ఇచ్చి, వానలో తడుస్తూ, నక్కలు వస్తువులు ఎత్తుకుపోతుంటే ఆయన ఈ కొలతలు తీశాడు. ఒక ఆడదాన్ని చంపితే జతగాడు రెండు రోజులు వరసగా ఒడ్డుకు వచ్చి చూసి వెళ్లాడనీ రాశాడు. ఆ జంతువును బతికుండగా చూసి వర్ణించిన శాస్త్రవేత్త లోకంలో ఆయనొక్కడే. 1746లో ఆయన పోయాడు, పుస్తకం 1751లో వచ్చింది.

1768 నాటికి సముద్రపు ఆవు లేదు. శాస్త్రానికి తెలిసిన 27 ఏళ్లకే అంతరించింది. బతికి బయటపడిన 46 మంది నావికులు 1742లో తెచ్చిన నీటికుక్క తోళ్లను చూసి, మరుసటి ఏడాది నుంచే వేట ఓడలు బయల్దేరాయి. దారిలో ఆగి మాంసం నింపుకోవడానికి ఈ ఆవులు పనికొచ్చాయి. ఆ జాతి తట్టుకోగలిగిన దానికి ఏడు రెట్లకు పైగా వేట సాగిందని 2006లో కట్టిన ఒక లెక్క చెబుతుంది.

కానీ కథ 1741లో మొదలు కాలేదు. ఆ జంతువు శిలాజాలు జపాన్ నుంచి కాలిఫోర్నియా దాకా దొరికాయి. ఆమ్చిట్కాలోనే లక్షేళ్లకు పైబడినవి ఉన్నాయి. స్టెల్లర్ చూసేనాటికి అది మిగిలింది మాత్రం బేరింగ్ దీవి, దాని పక్కనున్న మెద్నీ దీవి చుట్టూ. ఆ రెండు దీవుల్లోనూ అంతకుముందు మనుషులు కాపురమున్న గుర్తులు లేవు. మనిషి అడుగుపెట్టని చోటే అది బతికిందన్న ఈ వాస్తవం ముందు ఏ పరిశోధకుడైనా ఆగి ఆలోచించాల్సిందే. మరోవైపు ఎముకల నుంచి తీసిన జన్యుపటం 2021, 2022ల్లో అచ్చయింది. మనుషులు అటు రావడానికి చాలా ముందే ఆ జాతి సంఖ్య క్షీణించడం మొదలైందని అది చెప్పింది. ఎస్టెస్ బృందం 2016లో ఇంకో కోణం పెట్టింది. నీటికుక్కలు పోతే అర్చిన్లు పెరిగి కెల్ప్‌ను మింగుతాయి కదా, ఆ ఆవులను ఎవరూ ముట్టుకోకపోయినా ఆకలితో పోయేవేమో అని. ఈ మూడింటిలో ఒకటే నిజమని పట్టుబట్టాల్సిన పనిలేదు. మంచుయుగాలు తగ్గించిన జాతిని మనిషి మూలకు నెట్టాడు, మూలలో మిగిలినదాన్ని ఓడలు తినేశాయి. సాక్ష్యాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ వరస నమ్మదగినట్టు ఉంది.

ఇక తోళ్ల వ్యాపారం. రష్యన్లు తెచ్చిన నీటికుక్క తోళ్లు కియాఖ్తా అనే సరిహద్దు ఊరి మీదుగా చైనాకు వెళ్లేవి. 1778లో కెప్టెన్ కుక్ ఓడలు వాంకూవర్ దీవి తీరంలో ఆగినప్పుడు నావికులు చవగ్గా మార్పిడి చేసుకున్న తోళ్లు మరుసటేడు చైనా రేవు కాంటన్‌లో కళ్లు చెదిరే ధర పలికాయి. ఆ కబురు పాకి బ్రిటిష్, అమెరికన్ ఓడలు బారులు తీరాయి. రష్యన్లు ఉనంగన్ మగవాళ్లను బలవంతంగా వేటకు తోలారు. జబ్బులూ హింసా కలిసి ఆ జాతిని కొద్ది తరాల్లోనే కుంగదీశాయి. ఒకప్పుడు ఒకటిన్నర లక్ష నుంచి మూడు లక్షల దాకా ఉండేవని అంచనా వేసిన నీటికుక్కలు, 1911లో అమెరికా, రష్యా, జపాన్, బ్రిటన్ వేట ఆపేందుకు ఒప్పందం చేసుకునేనాటికి చెదురుమదురుగా ఒకటి రెండు వేలు మిగిలాయి.

ఉనంగన్‌ల పాత వేటనూ ఈ వ్యాపారాన్నీ ఒకే గాటన కట్టడం పొరపాటు. వాళ్లు రెండున్నర వేల ఏళ్లు వేటాడినా నీటికుక్క పోలేదు. ఊరి దగ్గర తగ్గింది, ఎడంగా ఉన్న రేవుల్లో నిలిచింది, ఊరు తరలిపోతే తిరిగి వచ్చింది. ఓడలు, తుపాకులు, వేల మైళ్ల అవతలి సంపన్నుల కోరిక కలిశాక 170 ఏళ్లలో దాదాపు మొత్తం ఖాళీ అయింది. ఆ ఖాళీ ఎన్ని వైపులకు పాకిందో చెప్పడానికి కాలిఫోర్నియా చాలు. నీటికుక్కలు పోయాక అక్కడ అబలోన్ అనే పెద్ద నత్తలు రాళ్ల మీద గుట్టలుగా పెరిగాయి. 1850ల్లో చైనా నుంచి వలస వచ్చినవాళ్లు వాటిని ఎండబెట్టి ఎగుమతి చేసే పరిశ్రమ పెట్టారు. తర్వాతి తరాలు ఆ గుట్టలనే సముద్రపు సహజ సంపద అనుకున్నాయి. ప్రతి తరమూ తాను చిన్నప్పుడు చూసిన సముద్రాన్నే కొలబద్దగా పెట్టుకుంటుందని 1995లో డేనియల్ పాలీ హెచ్చరించింది ఇలాంటి పొరపాటు గురించే.

2001లో జెరెమీ జాక్సన్‌తో కలిసి మొత్తం 19 మంది ‘సైన్స్’లో రాసిన వ్యాసం ఈ దారులన్నింటినీ కలిపింది. సముద్రగర్భపు మట్టి, పురావస్తు దిబ్బలు, చారిత్రక పత్రాలు, నేటి పరిశీలనలు నాలుగూ ఒకచోట పెట్టి, తీరాలకు మనిషి చేసిన హానుల్లో అతివేటే అన్నింటికన్నా ముందు వచ్చిందని వాళ్లు వాదించారు. కాలుష్యం, వేడెక్కడం తర్వాత వచ్చాయి. అల్యూషన్ కెల్ప్ అడవులు అందులో మొదటి వరస ఉదాహరణ. అమెరికాలోని మెయిన్ రాష్ట్ర తీరపు కాడ్ చేప మరొకటి. అక్కడి దిబ్బల్లో వేల ఏళ్లపాటు సగటున మీటరు పొడవున్న కాడ్, 20వ శతాబ్దంలో 30 సెంటీమీటర్లకు దిగింది.

అంతలో అల్యూషన్‌లలో ఎవరూ ఊహించనిది జరుగుతోంది. ఒప్పందం తర్వాత కోలుకున్న నీటికుక్కలు 1990ల్లో మళ్లీ కూలిపోయాయి. ఈసారి వేటగాళ్లు లేరు, జబ్బు లేదు. ఎడాక్ దీవిలో ఎస్టెస్ బృందం రెండు చోట్లు పోల్చింది. క్లామ్ లగూన్ అనే మడుగులోకి ఓర్కా తిమింగలాలు రాలేవు, అక్కడ నీటికుక్కలు దాదాపు నిలకడగా ఉన్నాయి. పక్కనే తెరిచి ఉన్న కులుక్ అఖాతంలో నాలుగేళ్లలో మూడొంతులు పోయాయి. ఓర్కాకు రోజుకు ఎంత తిండి కావాలో లెక్కేస్తే, 40,000 నీటికుక్కల నష్టానికి నాలుగు ఓర్కాలు చాలని 1998లో వాళ్లు రాశారు. ఓర్కాలు ఈ చిన్న జంతువు మీద ఎందుకు పడ్డాయి? రెండో ప్రపంచయుద్ధం తర్వాత యంత్రాల ఓడలు పెద్ద తిమింగలాలను ఊడ్చేయడంతో వాటికి తిండి కరువై సీల్‌ల మీదకు, సీ లయన్ల మీదకు, ఆఖరికి నీటికుక్కల మీదకు దిగాయని 2003లో ఒక సిద్ధాంతం వచ్చింది. దాని మీద వాదన ఇంకా తెగలేదు. అర్చిన్లు మాత్రం మళ్లీ అడుగంతా కమ్మేశాయి. కెల్ప్ అయిపోయాక అవి కింద ఉన్న ఎర్రటి సున్నపు నాచును కొరుకుతున్నాయి. వందల ఏళ్లు బతికే ఆ నాచు చెట్టులా ఏటా ఒక వలయం కట్టుకుంటుంది, అర్చిన్ పళ్ల గాట్లు ఆ వలయాల్లో దాఖలవుతాయి. డగ్లస్ రాషర్ బృందం 2020లో వాటిని చదివి, వేడెక్కి ఆమ్లం పెరిగిన నీళ్లలో నాచు మెత్తబడి గాట్లు మరింత లోతుగా దిగుతున్నాయని చూపింది.

ఈ పరిశోధన అంతా ప్రయోగశాల గొడవ కాదని తెలియాలంటే కెనడా పశ్చిమ తీరానికి వెళ్లాలి. 1969, 1972 మధ్య అలాస్కా నుంచి 89 నీటికుక్కలను పట్టి తెచ్చి వాంకూవర్ దీవి దగ్గర వదిలారు. అందులో కొన్ని అణుపరీక్షల ముప్పున్న ఆమ్చిట్కావే. అవి వేలల్లోకి పెరిగాయి, కెల్ప్ తిరిగి లేచింది. అదే సమయంలో అక్కడి ఆదివాసీ కుటుంబాలు తరాలుగా ఏరుకు తింటున్న అర్చిన్లు, గుల్లలు, అబలోన్ మాయమయ్యాయి. నీటికుక్కలను ముట్టకూడదన్నది చట్టం. తమ పూర్వికులు ఊరి రేవుల్లో వాటిని అదుపులో ఉంచేవారన్నది ఆ ప్రజల వాదం.

ఆ వాదానికి సాక్ష్యం మళ్లీ దిబ్బల్లోనే దొరికింది. 2012లో పాల్ స్పాక్, సహచరులు బ్రిటిష్ కొలంబియా ఉత్తర తీరపు దిబ్బల్లోని నీటికుక్క ఎముకల ఐసోటోపులు చూశారు. నీటికుక్కలు కిక్కిరిసి, గుల్లలు అయిపోయిన చోట అవి చేపల మీదకు మళ్లుతాయి. ఈ ఎముకల్లో చేప గుర్తు కనిపించలేదు. అర్చిన్లు, గుల్లలు పుష్కలంగా ఉండగానే బతికిన జంతువులవి. అంటే వాటి సంఖ్య ఆ తీరం మోయగలిగినంతకు ఎప్పుడూ చేరలేదు. 2022లో ఎరిన్ స్లేడ్, మెకెక్నీ, ఆన్ సాలమన్ దిబ్బల్లోని ఆల్చిప్పలు కొలిచి, అవి నేడు నీటికుక్కలు నిండిన తీరాల్లోని ఆల్చిప్పల కన్నా పెద్దవని చూపారు. వేల ఏళ్లపాటు ఊళ్ల చుట్టూ నీటికుక్కలు పలచగానే ఉండేవనడానికి ఇది రెండో ఆధారం. సంరక్షణ లక్ష్యంగా పెట్టుకున్న ‘మనిషి ముట్టని సముద్రం’ ఆ తీరంలో గత కొన్ని వేల ఏళ్లలో ఏనాడూ లేదు. ఊరి రేవుల్లో పాత పద్ధతి వేటకు హక్కు కావాలని అడుగుతున్నవాళ్లకు ఈ కొలతలు ఇప్పుడు గట్టి ఆసరా.

వచ్చే భాగంలో అదే తీరంలో, క్వాడ్రా దీవి దగ్గర కనీసం 3,500 ఏళ్ల కిందట ఆటుపోట్ల గీత మీద రాళ్లు పేర్చి కట్టిన గుల్లల తోటల గురించి, వాటిని ఇప్పటికీ బాగుచేసుకుంటున్న కుటుంబాల గురించి.

(సశేషం)